గుమ్మంలో ఆగిపోయిన అమ్మాయి

(కథలు రాసేవాళ్ళ ప్రశ్నలకు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. రాస్తున్న కథ మధ్యలో ఆగిపోయింది, ఏం చేయాలి అని. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి చోటు ఎక్కువ తీసుకున్నాను. ఆవిడ ఆగిపోయిన చోట నేనూ ఒకసారి ఆగిపోయాను, అందుకని.

ప్రశ్న: అమ్మా, నాకు 29 ఏళ్ళు. గోపాలపట్నంలో ఉంటాను, మెడికల్ షాపులో పని చేస్తాను. ఇంతవరకు రెండు చిన్న కథలు అచ్చయ్యాయి. ఇప్పుడు రాస్తున్నది హార్బర్‌లో కలాసీగా చేసి రిటైరైన ఒక తండ్రి కథ. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన వారానికి ఆయన, కూతురి చదువు కోసం దాచిన డబ్బుని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తన తమ్ముడికి ఇచ్చేస్తాడు. కూతురికి ఆ సంగతి పదేళ్ళ తర్వాత తెలుస్తుంది. తండ్రిని నిలదీయాలని అత్తవారింటి నుంచి బయల్దేరి వస్తుంది. 'ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది' అన్న వాక్యంతో 11వ పేజీ దగ్గర కథ ఆగిపోయింది. ఇప్పటికి నాలుగు నెలలు. రోజూ రాత్రి షాపు మూసి వచ్చి కూర్చుంటాను. ఆ ఒక్క వాక్యాన్నే ముప్ఫై రకాలుగా రాశాను. గుమ్మానికి పసుపు రాశాను, తోరణం కట్టాను, మళ్ళీ తీసేశాను. ఆ అమ్మాయి మాత్రం లోపలికి వెళ్ళట్లేదు. పెన్ను చూస్తేనే టెన్షన్‌గా ఉంటోంది. కథ జత చేస్తున్నాను. నాలో కథలు అయిపోయాయా?

జవాబు: అయిపోలేదమ్మా. ముందు ఆ భయం తీసేయండి. కథలు అయిపోయిన మనిషి ఒకే గుమ్మాన్ని ముప్ఫైసార్లు కట్టి విప్పదు.

మీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని చదివాను. నాలుగో పేజీలో మీ తండ్రి పాత్ర నాకు ఎదురుగా కనిపించాడు. మధ్యాహ్నం గాలి కాసేపు ఆగితే తుఫాను అయిపోయిందనుకుని బయటికొస్తాడు. ఇంతలో రెండో వైపు నుంచి గాలి అందుకుంటే లోపలికి పరిగెత్తి, తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు రుబ్బురోలుకి తన్నిపెట్టి కూర్చుంటాడు. మర్నాడు ఎగిరిపోయిన రేకులు వెతకడానికి వెళతాడు. పక్క వీధి కాలవలో ఒక రేకు దొరికితే దాని మీది మేకు కన్నాలు వేలితో లెక్కపెట్టి, "ఏడు కన్నాలు. ఇది మనదే" అంటాడు. ఆ రోజు ఊళ్ళో ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తట్టని మాట అది. హుద్‌హుద్ విశాఖని తాకిన 2014 అక్టోబరు 12న నేనూ ఈ ఊళ్ళోనే ఉన్నాను. మర్నాడు చెట్లకి మిగిలిన నాలుగు ఆకులు కూడా కాల్చినట్టు గోధుమరంగులోకి మారిపోవడం చూశాను. మీ నాలుగో పేజీ చదువుతుంటే ఆ వాసన వచ్చింది.

తర్వాత ఏడో పేజీ. తమ్ముడు వచ్చి డబ్బు అడుగుతాడు. అక్కడ మీరు రాసింది ఇది: 'నాన్న మనసు వెన్న. ఎవరు అడిగినా కాదనలేడు.' అంతే. డబ్బు చేతులు మారిపోయింది. అక్కడి నుంచి 11వ పేజీ దాకా పెన్సిల్‌తో లెక్కపెట్టాను. ఆ తండ్రికి కళ్ళు మూడుసార్లు చెమర్చాయి. చేతులతో మాత్రం ఒక్క వస్తువునీ ముట్టుకోలేదు. రేకు కన్నాలు లెక్కపెట్టిన మనిషి ఎక్కడికి పోయాడు? ఆయన స్థానంలో ఒక మంచి నాన్న వచ్చి కూర్చున్నాడు. ఆ మంచి నాన్నని నిలదీయడానికి ఏమీ లేదు. మీరు ఏడో పేజీలోనే ఆయన్ని క్షమించేశారు. తీర్పు అయిపోయిన ఇంట్లోకి ఆ అమ్మాయి వచ్చి ఏం మాట్లాడుతుంది? గుమ్మంలోనే ఆగిపోయింది. ఆగడం తప్ప ఆ పిల్లకి మీరు వేరే దారి ఉంచలేదు.

నా సంగతి చెబుతాను.

హుద్‌హుద్ తర్వాత మా వీధిలో చాలా రోజులు కరెంటు లేదు. మోటార్లు ఆడవు, నీళ్ళు లేవు. పాల ప్యాకెట్టుకీ నీళ్ళ క్యానుకీ పెద్ద లైన్లు. మా ఇంట్లో 200 లీటర్ల నీలం రంగు డ్రమ్ము ఒకటి ఉండేది, తుఫాను ముందురోజు నింపి పెట్టుకున్నాం. మూడో రోజు పొద్దున్న పక్కింటావిడ వచ్చి రెండు బిందెలు అడిగింది. వాళ్ళింట్లో తొమ్మిది నెలల పిల్ల ఉంది. "మాకే లేవండీ" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా చెయ్యి డ్రమ్ము మూత మీద ఉంది. ఆవిడ నా చెయ్యి చూసింది, నన్ను చూడలేదు. వెళ్ళిపోయింది.

2015 ఫిబ్రవరిలో దాని మీద కథ మొదలుపెట్టాను. నా కథలో ఆడమనిషి మూత తీసి రెండు బిందెలూ నింపి ఇచ్చింది. చదివేవాళ్ళకి బాగుంటుందనుకున్నాను. నాకు ఊరటగా ఉంటుందనుకున్నాను అని చెప్పడమే నిజం. తొమ్మిది పేజీలు రాశాక మార్చిలో కథ ఆగిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నారు, టీ తాగుతున్నారు, పిల్లని ఎత్తుకుంటున్నారు. ముందుకి కదలదు. చివరి పేరా మీద పడ్డాను, మీలాగే. టీకి బదులు కాఫీ పెట్టాను. కొవ్వొత్తి వెలిగించాను. 14 నెలలు.

2016 మే నెలలో ఒకరోజు ఎండుచేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకి వేట నిషేధం కదా, బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. ఆ రెండు నెలల్లో జరిగే పని బోట్లకి రంగులు వేసుకోవడం, వలలు బాగుచేసుకోవడం. ఒక బోటు నీడలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వల కన్ను ఒకటి కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి పట్టుకున్నాడు. పక్కన దారం చుట్టిన ప్లాస్టిక్ సూది ఉంది, దాన్ని ముట్టుకోవట్లేదు. చేతిలో చిన్న కత్తి. వలలో చేటంత చిరుగు ఉంది. ఆయన దాని చుట్టూ ఒక్కొక్క కన్నూ కోసుకుంటూ పోతున్నాడు. చేటంత చిరుగు కాస్తా చాపంత అయింది. ఉండబట్టలేక, "బాగుచేస్తున్నారా, ఇంకా చింపుతున్నారా?" అని అడిగాను.

"మంచి ముడి దొరికేదాకా కొయ్యాలమ్మా" అన్నాడాయన తల ఎత్తకుండా. "పీకిపోయిన కంటికి ముడేత్తే, రేపు సంద్రంలో అదే ముందు ఊడిపోద్ది."

కాసేపు అక్కడే నిలబడ్డాను. చేత్తో లాగి చూసి కదలని ముడి దొరికాక కత్తి పక్కన పెట్టి సూది అందుకున్నాడు. ఆ ముడి దగ్గర మొదలుపెట్టి, వేళ్ళతో కొలుచుకుంటూ, ఒక వరస కన్నులు అల్లాడు. పాత కన్నులు ఎంత వెడల్పో కొత్తవీ అంతే. పావుగంటలో చిరుగు ఎక్కడ మొదలైందో నాకు కనిపించడం మానేసింది.

ఎండుచేపలు కొనడం మర్చిపోయి ఇంటికి వచ్చాను. తొమ్మిది పేజీలూ ముందు పెట్టుకుని వెనక నుంచి ముందుకి చదివాను. ఏది గట్టి ముడి? టీ తాగే పేరా కాదు. పిల్లని ఎత్తుకోవడం కాదు. బిందెలు నింపడం కాదు. ఆవిడ చేతిలో ఖాళీ బిందె, నా చెయ్యి మూత మీద. అక్కడిదాకా జరిగింది జరిగినట్టు ఉంది. ఆ తర్వాతదంతా నేను కప్పిపెట్టింది. మూడో పేజీ సగం నుంచి కింద మొత్తం కొట్టేశాను. 'మాకే లేవండీ' అని రాశాను. రాస్తుంటే చెమట పట్టింది. కానీ మిగతా కథ 12 రోజుల్లో వచ్చింది.

అచ్చయ్యాక పత్రిక తీసుకెళ్ళి పక్కింటావిడకి ఇచ్చాను. వరండాలో కూర్చుని చివరిదాకా చదివింది. "డ్రమ్ము నీలం రంగుదే. గుర్తుంది" అంది. ఇంకేమీ అనలేదు. ఆ రోజు వాళ్ళింట్లో కాఫీ తాగి వచ్చాను.

అందుకని, 11వ పేజీ వదిలేయండి. గుమ్మాన్ని ఇంక ముట్టుకోకండి. ఏడో పేజీకి వెళ్ళి 'నాన్న మనసు వెన్న' అన్న వాక్యం కొట్టేసి, ఆ చోట ఆ డబ్బుని ఒకసారి చూడండి. ఎక్కడ దాచాడు? ట్రంకుపెట్టెలోనా, బియ్యం డబ్బాలోనా, దేవుడి పటం వెనకా? ఎంత? తమ్ముడు వచ్చింది పగలా, రాత్రా? రాత్రయితే కరెంటు లేదు కదా, కొవ్వొత్తి పెట్టుకుని నోట్లు లెక్కపెట్టి ఉంటాడు. రేకు కన్నాలు లెక్కపెట్టిన వేలే ఇప్పుడు నోట్లు లెక్కపెడుతుంది. ఒకసారి లెక్కపెట్టాడా, రెండుసార్లా? అన్నీ ఇచ్చేశాడా, కొన్ని వెనక్కి పెట్టుకున్నాడా? ఇచ్చేటప్పుడు భార్య పడుకున్న గది వైపు చూశాడా? ఇవి నాకు తెలియవు, మీకు తెలుస్తాయి. తెలియకపోతే ఆ గదిలో కూర్చుని చూడండి.

ఇంకొక మాట అంటాను, నొచ్చుకోకండి. కూతురికి పదేళ్ళ తర్వాత తెలిసింది అని రాశారు. నేను నమ్మలేకపోయాను. రెండు గదుల రేకుల ఇల్లు. సగం రేకులు లేవు, పైన టార్పాలిన్. 18 ఏళ్ళ పిల్ల. తండ్రి అర్ధరాత్రి కొవ్వొత్తి వెలిగించి పెట్టె మూత తీస్తే ఆ పిల్ల నిద్రపోతూ ఉందా? చూసే ఉంటుందేమో. చూసి, కళ్ళు మూసుకుని పడుకుందేమో. అలా అయితే పదేళ్ళ తర్వాత గుమ్మంలో ఆమె కాళ్ళు ఆగడానికి కారణం వేరే. ఆమె నిలదీయాల్సింది తండ్రినొక్కడినే కాదు. ఇది నా ఊహ. తప్పయితే పక్కన పడేయండి. కానీ ఆ రాత్రి ఆ అమ్మాయి ఎక్కడ పడుకుందో, ఏ వైపు తిరిగి పడుకుందో మాత్రం తప్పకుండా రాయండి.

ఇది మీ ఇంట్లో జరిగిందా అని నేను అడగను. మీరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు చదువుతారన్న భయం ఉంటే, ముందు ఎవరికీ చూపించని నోటుపుస్తకంలో రాయండి. పంపాలా వద్దా అన్నది కథ పూర్తయ్యాక ఆలోచించుకునే సంగతి. రాయకముందే అది ఆలోచిస్తే చెయ్యి ముడుచుకుపోతుంది.

రాత్రి షాపు మూసి వచ్చాక రాస్తున్నానన్నారు. పన్నెండు గంటలు నిలబడి మందులిచ్చిన మనిషికి రాత్రి పది తర్వాత వచ్చేది నిద్ర, కథ కాదు. వారంలో మీకు సెలవున్న పూట పొద్దున్నే గంట కూర్చోండి, చాలు. మిగతా రోజులు ఆ ఇంటి గురించి ఆలోచించుకుంటూ తిరగండి. అదీ రాయడంలో భాగమే.

కథ ఆగిన ప్రతిసారీ కారణం ఇదే అని నేను అనను. ఒక్కోసారి నిజంగా ఒంట్లో ఓపిక ఉండదు, ఒక్కోసారి ఆ కథ మనది కాదు. మీ కథకి మాత్రం ఇదే అని నమ్ముతున్నాను, ఎందుకంటే నాలుగో పేజీ అంత బాగా రాసిన చెయ్యి ఎనిమిదో పేజీలో ఉన్నట్టుండి బిగుసుకుపోవడం నా కళ్ళతో చూశాను. పూర్తయ్యాక పంపండి. ఎదురుచూస్తాను.

ప్రశ్న: మాది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. గాజువాకలో ఉండి షిఫ్టు డ్యూటీ చేస్తున్నాను. మా అమ్మ మీద కథ రాస్తున్నాను. వర్ణన బాగానే వస్తోంది కానీ అమ్మ నోరు విప్పేసరికి ఆగిపోతున్నాను. 'నువ్వు భోజనం చేశావా నాయనా' అని రాశాను. మా అమ్మ జన్మలో అలా అనదు. మా భాష రాస్తే చదివేవాళ్ళు నవ్వుతారని భయం. ఏం చేయమంటారు?

జవాబు: మరి మీ అమ్మగారు ఏమంటారు? ఉత్తరమంతా వెతికాను, ఆ మాట ఎక్కడా రాయలేదు. నాకు రాయడానికి కూడా సిగ్గుపడ్డారు. అక్కడే ఆగిపోయారు తమ్ముడూ.

మీ భయం ఎక్కడిదో నాకు తెలుసు. సినిమాల్లో మన వైపు మాటని నవ్వించడానికి వాడటం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. బళ్ళో 'ఏటి' అంటే 'ఏమిటి' అని దిద్దించారు. కానీ రావిశాస్త్రి గారు ఈ ఊరి కోర్టుల్లో ప్లీడరుగా పనిచేస్తూ, బోనెక్కిన మనుషులు మాట్లాడే మాటని కథల్లోకి తెచ్చారు. చదివినవాళ్ళు నవ్వారు, ఏడ్చారు, ఆ మనుషుల వైపు నిలబడ్డారు. మాటని చూసి ఎవరూ వెక్కిరించలేదు. నవ్వు యాసలో ఉండదు. రాసేవాడు ఆ మనిషిని ఎక్కడ నిలబెట్టాడు అన్నదానిలో ఉంటుంది.

ఈ వారం అమ్మకి రెండుసార్లు ఎక్కువ ఫోన్ చేయండి. పెట్టేశాక వెంటనే ఆవిడ అన్న మాటలు ఒక అయిదు, దిద్దకుండా రాసుకోండి. 'ఏటి, ఇంత రాతిరేల సేసినావు? ఒంట్లో బాగుందా?' ఇలాంటివి. ఇందులో చూడండి, తిన్నావా అని అడగలేదు, అయినా అమ్మే.

కానీ ఒక జాగ్రత్త. 'చ' ఉన్న ప్రతిచోటా 'స', 'ళ' ఉన్న ప్రతిచోటా 'ల' పెట్టుకుంటూ పోతే పేజీ నిండా గతుకులే ఉంటాయి, చదివేవాళ్ళు అక్షరాల దగ్గర తట్టుకుంటారు. ఒక మాటకి ఒకటి రెండు చాలు. 'వచ్చీసినాడు', 'ఎలిపోనాది' లాంటి క్రియలు, 'ఏటి', 'మరేటి', 'గుంటడు' లాంటి మాటలు వాటంతట అవే ఊరిని తెచ్చేస్తాయి. యాస కంటే ముఖ్యం మాట వరస. మీ అమ్మగారు అడగాల్సినదాన్ని ముందు అడుగుతారా, ఊళ్ళో సంగతులన్నీ చెప్పి చివర్లో అడుగుతారా? కోపం వస్తే మాట పెరుగుతుందా, తగ్గుతుందా? అది పట్టుకుంటే ఒక్క యాస మాట లేకుండా కూడా ఆవిడ ఆవిడే. కథ చెప్పే గొంతు మామూలు తెలుగులో ఉండి, మాటలు మాత్రమే మీ ఊరివి అయితే చదవడానికి హాయిగా ఉంటుంది. మొత్తం మీ ఊరి భాషలోనే చెప్పాలనిపిస్తే అదీ చేయొచ్చు, అది వేరే సాధన.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, మద్దిలపాలెం. రోజూ ఉత్సాహంగా మొదలుపెడతాను, మర్నాటికి ఏం రాయాలో తెలియదు. రోజుకి ఇన్ని పేజీలు అని పెట్టుకోవాలా? ఫోన్‌లో రాస్తే మంచిదా, కాగితం మీదా?

జవాబు: దేని మీద రాసినా ఒకటే, మీ చేతికి ఏది అలవాటైతే అది. పేజీల లెక్క కంటే ఎక్కడ ఆపుతున్నారో చూసుకోండి. నేను చాలా ఏళ్ళు రైల్వే మెయిల్ సర్వీసులో ఉత్తరాల సార్టింగ్ చేశాను. రాత్రి డ్యూటీల్లో బండికీ బండికీ మధ్య దొరికిన టైములో పాత ఫారాల వెనక రాసుకునేదాన్ని. బండి వచ్చిందంటే సంచులు దిగేవి, వాక్యం సగంలో ఉన్నా లేవాల్సిందే. అప్పట్లో అది కష్టమనిపించేది. తర్వాత తెలిసింది, అదే నన్ను కాపాడిందని. సగంలో ఉన్న వాక్యం ఎలా ముగియాలో నాకు తెలుసు, చేతులు సంచుల్లో ఉన్నా అది తలలో తిరుగుతూ ఉండేది. కూర్చోగానే పూర్తి చేసేదాన్ని, దాని వెంట రెండోది వచ్చేది. మీరు ఉన్నదంతా రాసేసి, ఖాళీ అయ్యాక లేస్తున్నారు. ఇంకా తెలిసి ఉండగానే లేవండి.

అడ్రసు సరిగా లేని ఉత్తరం వస్తే మేం దాని దగ్గరే కూర్చునేవాళ్ళం కాదు, పక్కన పెట్టి మిగతావి చేసుకుపోయేవాళ్ళం. చివర్లో తీస్తే చాలాసార్లు ఆ ఊరిపేరు ఇట్టే తెలిసిపోయేది. ఒక సీను రాకపోతే దాని తర్వాతది రాయండి.

ప్రశ్న: నాకు 66 ఏళ్ళు, పెదవాల్తేరులో ఉంటాను. 20 ఏళ్ళుగా కథలు రాసేవాణ్ణి. ప్రతి కథకీ మొదటి పాఠకురాలు నా భార్య. ఎప్పుడూ బాగుందనీ బాగులేదనీ చెప్పేది కాదు. చదువుతూ తనకి ఎక్కడ విసుగు పుడితే ఆ వాక్యం పక్కన తన బొట్టుబిళ్ళ ఒకటి అంటించి ఇచ్చేది. ఆమె పోయి అయిదేళ్ళయింది. అప్పటి నుంచి ఒక్క కథ రాలేదు. ఇంక నన్ను నేను రచయిత అనుకోవచ్చా?

జవాబు: అనుకోవచ్చండీ. కాళీపట్నం రామారావు గారు ఈ ఊళ్ళోనే 30 ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేశారు. మధ్యలో ఎనిమిదేళ్ళు ఆయన కథ రాయలేదు. 1963లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన పేరు చెప్పగానే మనకి గుర్తొచ్చే కథలన్నీ దాదాపు ఆ తర్వాతవే. ఆ ఎనిమిదేళ్ళూ ఆయన రచయిత కాకుండా పోలేదు కదా. మీ అయిదేళ్ళూ అంతే. ఆయన ఆగింది వేరే కారణానికి, మీది వేరు, నాకు తెలుసు. మీకు కథ రాకపోవడం కాదు, రాస్తే ఎవరి చేతికి ఇవ్వాలో తెలియకపోవడం. ఆ బాధని నేను తీర్చలేను.

మీ ఉత్తరం చదివాక బొట్టుబిళ్ళల దగ్గరే ఆగిపోయాను. ఆ కాగితాలు మీ దగ్గర ఉన్నాయా? ఉండే ఉంటాయి. బిళ్ళ చూసి మీరు వాక్యం మార్చి, కొత్త ప్రతి రాసి పత్రికకి పంపి ఉంటారు. పాత ప్రతి బీరువా అడుగునో అటక మీదో ఉంటుంది. ఆమెతో వాదించి, మార్చకుండా పంపినవి కూడా కొన్ని ఉంటాయి కదా?

కొత్త కథ ఊసు ప్రస్తుతానికి వద్దు. ఆ మార్చనివి వెతికి తీయండి. తొందరపడకండి, ఆ కాగితాలు తీసినప్పుడు చదవలేకపోతే ఆ రోజుకి మళ్ళీ పెట్టేయండి. చదవగలిగిన రోజు, బిళ్ళ ఉన్న వాక్యం ముందు నుంచి ఆమె చదివినట్టు చదవండి. ఎక్కడ కూర్చునేవారు ఆవిడ? వంటింటి గట్టు మీదా, కిటికీ దగ్గరా? అక్కడే కూర్చుని చదవండి. ఆమెకి అక్కడ ఎందుకు విసుగు పుట్టిందో ఇప్పుడు మీకు తెలియవచ్చు. తెలిస్తే ఆ ఒక్క వాక్యం మార్చండి. ఒక నెలకి ఒకటి మార్చినా మీరు రాస్తున్నట్టే, ఆవిడ చదువుతున్నట్టే.

వీలైతే అందులో ఒక కాగితం జెరాక్స్ తీసి నాకు పంపండి. అసలుది పంపకండి, పోస్టులో బిళ్ళ ఊడిపోతుంది. జెరాక్స్‌లో అది నల్లటి చుక్కలా పడుతుంది. ఫరవాలేదు, ఏ వాక్యం పక్కన ఉందో కనిపిస్తే చాలు.